తొందర లేని గోదారి

నేను ఒక పాత కంప్యూటర్ ఆటను. ప్రస్తుతం తొంభై శాతం తగ్గింపులో ఉన్నాను. చూశారా, అప్పుడే మీ కనుబొమ్మ లేచింది! ఇంత చవగ్గా ఇస్తున్నారంటే ఎక్కడో పుచ్చు ఉండే ఉంటుందనేగా? తప్పు పట్టను. మీకు నా మీద అనుమానం, నాకు మీ మీద అనుమానం. చెల్లుకు చెల్లు.

అమీర్‌పేటలో ఒక కర్రీ పాయింట్ పైగదిలో ముగ్గురు స్నేహితులు కలిసి నన్ను తయారు చేశారు. నా పేరు 'లాంచీ సరంగు'. సరంగంటే లాంచీ నడిపేవాడు. గోదారి మీద సరుకుల లాంచీని ఇసుక దిబ్బలకు తగలకుండా రేవు చేర్చాలి, అంతే ఆట. మీట నొక్కితే లాంచీ ఒక అడుగు కదులుతుంది. మళ్లీ నొక్కేదాకా లాంచీ ఆగుతుంది, గోదారీ ఆగుతుంది. "మనిషన్నాక ఆలోచించుకోవద్దా?" అనేవాడు ముగ్గురిలో పెద్దవాడు. లోకానికి అంత ఓపిక ఎక్కడిది? కొన్నవాళ్లలో చాలామంది "నిద్రొస్తోంది" అని రాశారు.

డబ్బాలో సీడీ బిళ్లగా పుట్టిన నన్ను మొదట కొన్నతను నాలుగు రోజులు ఆడి, తళతళలాడుతోందని ఆటో అద్దానికి వేలాడదీసుకున్నాడు. తర్వాత బిళ్లల కాలమే పోయింది. నన్ను ఇంటర్నెట్ అంగడిలో పెట్టారు. అక్కడ పండగకో సేలు. సేలు వస్తే చాలు, జనం మాలాంటి ఆటల్ని గంపగుత్తగా కొని, ఖాతాలో పడేసుకుని, మళ్లీ మొహం చూడరు. పెళ్లిలో చదివించిన స్టీలు గిన్నెల్లా అటకెక్కిపోతాం. అందుకే ఎవరైనా కొంటామంటే నాకు సంతోషం కలగదు.

ఈసారి సేల్లో నా ముందుకొచ్చిన మనిషి అనుమానంలో నన్ను మించిపోయింది. పేరు సత్యవేణి. తణుకులో జాకెట్టు గుడ్డలమ్మే మ్యాచింగ్ సెంటర్ ఆవిడది. "ఆషాఢం సేలు పెట్టే మనకే సేలు చూపిస్తున్నారా? ముందురోజు రేటు పెంచి మర్నాడు తగ్గించడం మనకి తెలీదేంటి!" అంటూ, అలవాటు కొద్దీ బొటనవేలు తడి చేసి తెర మీద నా బొమ్మను రుద్దింది. గుడ్డ రంగు దిగుతుందో లేదో ఆవిడ అలాగే చూస్తుంది మరి.

ఆవిడ వెతుకులాట తమ్ముడు శేషు కోసం. కాలేజీ రోజుల్లో తుపాకీ ఆటల్లో అతన్ని ఓడించినవాడు లేడట. కిందటేడు కాలవ గట్టు మీద బండి జారి కుడిచెయ్యి దెబ్బతింది. వేళ్లు రోజూ ఆడించకపోతే కొయ్యబారిపోతాయని డాక్టరు హెచ్చరించాడు. రబ్బరు బంతి ఇస్తే శేషు గోడకేసి కొట్టాడు. అన్నీ ఎడంచేత్తో కానిస్తూ, షాపులో బిల్లుల కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆటలకైనా ఆ చెయ్యి కదులుతుందని అక్క ఆశ.

కొత్త ఆటలేవీ నిలవలేదు. అతని వేలు మీట మీదికి చేరేలోపే చంపేసేవి. ఆడింది రెండు గంటలు దాటకపోతే తిరిగిచ్చే వీలుంది కనక, సత్యవేణి ఒక్కోదాన్నీ "రంగు దిగింది" అంటూ వెనక్కి పంపేసింది. తర్వాత పాతవాటి మీద పడింది. నా మీద జనం రాసిన తిట్లన్నీ చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఒరే శేషూ, మనం నొక్కేదాకా ఆగుద్దంటరా ఇది! అందుకే తిడుతున్నారు."

కొనేసింది. నేను మాత్రం నమ్మలేదు. ఈవిడా రెండు గంటల చుట్టమే అనుకున్నాను.

మధ్యాహ్నం షాపు సద్దుమణిగాక శేషు నన్ను తెరిచాడు. కుడిచేతి చూపుడువేలిని ఎడంచేత్తో పట్టి మీట మీద పెట్టాడు. ఆ వేలు కిందికి దిగదే! నిద్రపోయాడా? లోలోపల తిట్టుకుంటున్నాడా? నాకు ఆగడం తప్ప మరో విద్య రాదు, ఆగాను. అంగడివాళ్ల గడియారానికి ఇవేవీ పట్టవు, ఊరికే కూర్చున్నా ఆడినట్టే లెక్క.

చివరికి వేలు దిగింది. లాంచీ ఒక అడుగు కదిలింది. శేషు తుపాకీ ఆటల అలవాటు కొద్దీ తెర నాలుగు మూలలూ అనుమానంగా చూశాడు.

"ఎక్కణ్నించో వచ్చేత్తాడక్కా ఎవడో."

ఎవడూ రాలేదు. మళ్లీ నొక్కాడు.

రేవు ఇంకా దూరంగా ఉండగానే సత్యవేణి వచ్చి గడియారం చూసింది. "గడువు దాటిపోద్దిరా. తిరిగిచ్చేయనా?"

నేననుకున్నంతా అయింది. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

శేషు తల తిప్పలేదు. చెయ్యీ తియ్యలేదు. "ఉండక్కా, ముందు ఇసక దిబ్బుంది."

సత్యవేణి స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. గుమ్మంలోంచి ఎవరో చిలకాకుపచ్చ గుడ్డ ఉందా అని కేకేశారు. గుమ్మం ఎక్కిన బేరాన్ని ఏనాడూ కాచుకోనివ్వని ఆ మనిషి, తమ్ముడి వేలు మీంచి చూపు తిప్పకుండా అంది:

"కాస్త ఆగండమ్మా."