కింది కన్ను మూత

రెండు పక్కలా మెత్తటి బ్రష్షుతో దులిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, రబ్బరు తిత్తితో మరో రెండుసార్లు గాలి కొట్టి, సినిమాయన నాలుగో స్లైడును పెట్టె నెత్తిన పడుకోబెట్టాడు. పెట్టె అంటే ప్రొజెక్టరు. దాని నెత్తిన జల్లెడలా బొక్కలుంటాయి, లోపలి దీపం వేడి వాటిలోంచి పైకి వస్తుంది. చల్లటి స్లైడును తెచ్చి ఉన్నపళంగా దీపం ముందు నిలబెడితే, ఫిల్ము ఉలిక్కిపడి పొట్ట ఉబ్బిస్తుంది, తెర మీద బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని ముందే వెచ్చబెట్టాలి. ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు. చలి రోజుల్లో వాళ్లావిడ ఆయన చొక్కాను వేడినీళ్ల గిన్నె మూత మీద పరిచి, వెచ్చబడ్డాక చేతికందిస్తుంది. అది చూసి నేర్చుకున్నాడు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. పొడుగు, సన్నం. కెమెరా సంచి మోసి మోసి కుడి భుజం రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. బొటనవేళ్ల మీద, దీపాలు మార్చేటప్పుడు కాలిన మచ్చలు నున్నగా మెరుస్తుంటాయి. నడుస్తున్నప్పుడు కూడా ఒక కన్ను కొంచెం మూసే ఉంచుతాడు, ఎవరినో గురి చూస్తున్నట్టు. మంచివాడే గానీ మాట తక్కువ. పది మాటలు అవసరమైన చోట మూడు మాట్లాడి, మిగతా ఏడూ వాళ్లావిడకు వదిలేస్తాడు.

కొండ మీద, రోడ్డు ఆగిపోయే చోట, సూర్యుడు దిగడం చూడటానికి ఇనుప కటకటాలు కట్టిన గట్టు ఉంది. పక్కనే రేకుల కప్పు హాలు, నలభై కుర్చీలు, సున్నం కొట్టిన గోడే తెర. అంత దూరం ఎక్కి వచ్చినవాళ్లలో సగం మందికి మబ్బులు అడ్డం పడి సూర్యుడు కనపడడు. వాళ్లు ఉసూరుమంటూ పోకుండా హాల్లో కూర్చోబెట్టి, వెనకటి సూర్యాస్తమయాలను చూపించి పంపడం ఆయన ఉద్యోగం. బొమ్మలు తీసేదీ ఆయనే, వేసేదీ ఆయనే. ఆ బొమ్మలు కదలవు కదా, అందుకని బస్సు డ్రైవరు మొదట్లో 'కదలని సినిమా బాబాయ్' అని పేరు పెట్టాడు. పోను పోను అందులో కదలనిది రాలిపోయి, ఊరంతటికీ సినిమాయన అయి కూర్చున్నాడు.

కెమెరా కూడా ఆయనలాగే పాతది. దానికి ఒకదాని కింద ఒకటి రెండు కళ్లు. పై కన్ను మనిషికి. నెత్తిన మూత తెరిచి, తల వంచి అద్దంలోకి చూస్తే, ఎదురుగా ఉన్నదంతా అందులో కనపడుతుంది. కింది కన్ను ఫిల్ముకు. అది చూసిందే బొమ్మ అవుతుంది. ఆ కింది కంటికి ఒక తోలు మూత. ముప్పై ఏళ్లుగా ఆ మూత తీసే పని వాళ్లావిడది. పెళ్లయిన కొత్తలో ఆయన దాన్ని ఒకసారి లోయలో పారేసుకున్నాడు. కొత్తది కుట్టించాక ఆవిడ చెయ్యి చాపి, "ఇలా తెండి, మీ దగ్గర ఉంటే ఉండదు" అని తీసుకుంది. అప్పట్నుంచీ అదే అలవాటు. ఆయన అద్దంలోకి తల వంచుతాడు, ఆవిడ మూత లాగి గుప్పిట్లో పెట్టుకుంటుంది. మీట నొక్కిన చప్పుడు వినగానే ఆయన చెయ్యి వెనక్కి చాపుతాడు, మూత అరచేతిలో పడుతుంది. మధ్యలో ఒక్క మాట ఉండదు.

ఇన్నేళ్లలో ఆవిడకంటూ ఆయన తీసిన బొమ్మ ఒక్కటి లేదు. ఫిల్ము ఆయనకు జీతమిచ్చే ఆఫీసుది, సూర్యుడికి తప్ప వాడకూడదు. పందొమ్మిదో స్లైడులో మాత్రం ఆవిడ ఉంది, అదీ పొరపాటున. ఆయన అప్పుడే నొక్కడనుకుని, మూత తీసేసి కటకటాల దగ్గరికి వెళ్లి నిలబడింది. వీపు ఇటు, మొహం సూర్యుడి వైపు, ఒంటి మీద నీలం శాలువా, కుడి చెయ్యి గుప్పిట. ఆ గుప్పిట్లో ఏముందో ఆయనకు తప్ప లోకంలో ఎవరికీ తెలీదు.

స్లైడుల జాతకం ఏమిటంటే, దీపం ముందు నిలబడినప్పుడల్లా ఇంత రంగు పోతుంది. నీలం పిరికిది, ముందు అదే జారుకుంటుంది. దాని వెనకే ఆకుపచ్చ. ఎరుపు మాత్రం మొండికేసి మిగులుతుంది. సాయంకాలపు బొమ్మలు కదా, ఎర్రబడే కొద్దీ జనానికి ఇంకా నచ్చేవి. అబ్బ ఎంత ఎరుపో అని చప్పట్లు కొట్టేవాళ్లు. జ్వరంతో బుగ్గలు కందిన మనిషిని చూసి, ఎంత కళగా ఉన్నావని మెచ్చుకున్నట్టు ఉండేది ఆయనకు. ఎవరితో చెప్పుకుంటాడు. పన్నెండు అంకెలు లెక్కపెట్టి ఠక్కున మార్చేసేవాడు, అంతకు మించి ఆయన చేతుల్లో ఏమీ లేదు. పందొమ్మిదో దాన్నే మళ్లీ వెయ్యమని అడిగేవాళ్లు. వేసి వేసి, ఆవిడ శాలువా ముందు బూడిద రంగయింది, తర్వాత గులాబీ అయింది. ఈ మధ్య చూస్తే ఆకాశమేదో శాలువా ఏదో తెలియకుండా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం స్లైడులన్నీ సర్ది ఇంటికి వెళ్లేసరికి, బామ్మర్ది సంచులు కట్టేస్తున్నాడు. హాలు వెనకాలే ఉద్యోగంతో పాటు ఇచ్చిన రెండు గదులు. ఆవిడకు ఊపిరితిత్తులు బాగాలేవు. ఈ ఎత్తు, ఈ గాలి పనికిరావని, ఇంకొక చలికాలం ఇక్కడ ఉంచితే తన పూచీ లేదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. అందుకని తమ్ముడు వచ్చి కిందికి తీసుకుపోతున్నాడు. సినిమాయన కూడా వెళ్దామనుకున్నాడు, సెలవు అడిగాడు. సీజను అయ్యేదాకా కుదరదన్నారు. ఆ పెట్టె నడిపేవాడు ఇంకొకడుంటే నిన్నెప్పుడో ఇంటికి పంపేవాళ్లం కదయ్యా అని నవ్వారట కూడా. ఉద్యోగం వదిలేస్తే ఈ రెండు గదులూ పోతాయి, మందులకు వచ్చేదీ పోతుంది. ఎటు తిరిగినా గోడే.

ఆవిడ మంచం మీద కూర్చుని కెమెరా మూత కుడుతోంది. తోలు సాగిపోయి వదులైంది, ఈ మధ్య తాకితే చాలు ఊడి పడుతోంది. ఎర్ర ఫ్లానెల్ గుడ్డ పీలిక చింపి లోపల చుట్టూ వేసి బిగిస్తోంది. రెండు కుట్లు వేస్తుంది, దగ్గుతుంది, మళ్లీ రెండు కుట్లు. బామ్మర్ది విసుక్కున్నాడు. బస్సు టైమవుతుంటే ఈ కుట్టు పనేమిటక్కా, బావగారికి ఇంకొక మూత దొరకదా అన్నాడు.

ఆవిడ దారం పళ్లతో కొరికి, మూతను కెమెరాకు పెట్టి, తలకిందులు చేసి ఊపి చూసింది. ఊడలేదు.

"ఇక నా అవసరం లేదులెండి," అంది ఆయనతో. "మీరు గంతులేసినా పడదు."

సినిమాయన కెమెరా అందుకుని, అందులో ఇంకొక బొమ్మకు ఫిల్ము ఉందన్నాడు. అంతే అన్నాడు. ఆవిడకు అర్థమైంది. ఆ రకం ఫిల్ము ఇక రాదని కింద స్టూడియో ఆయన చెప్పి, బీరువాలో మిగిలిన ఆఖరి చుట్ట ఇచ్చి మూడు నెలలైంది. చుట్టకు పన్నెండు బొమ్మలు. పదకొండు ఆఫీసు కోసం తీసి, పన్నెండోదాన్ని కెమెరాలోనే దాచిపెట్టుకున్నాడు. ఒక్కసారి, ఆవిడ మొహం ఇటు తిప్పి, వెనకాల సూర్యుడితో. అదొక్కటే ఆయన అడిగింది.

"ముసలి మొహం," అందావిడ. "ఇన్నాళ్లూ ఆ సూర్యుడికి తీసి తీసి, ఇప్పుడా గుర్తొచ్చాను?" అంటూనే దువ్వెన కోసం చూసింది.

ఆఖరి బస్సు ఐదూ ముప్పావుకు. సూర్యుడు దిగేది ఆరూ పదికి. అది చాలదన్నట్టు నాలుగింటికే లోయలోంచి మబ్బు లేచింది, పొయ్యి మీద పాలు పొంగినట్టు. సినిమాయన గట్టు మీద కెమెరా మెడకు తగిలించుకుని, మబ్బును చూస్తూ, గడియారాన్ని చూస్తూ, మళ్లీ మబ్బును చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు ఆ ఆకాశాన్ని చూసినవాడు, దాన్ని ఒక్క బెత్తెడు పక్కకు జరపలేకపోయాడు. బస్సు దగ్గర డ్రైవరు సంచులు పైకెక్కిస్తూ సంగతి విన్నాడు. నోటి దురుసు మనిషే గానీ మనసు వెన్న.

"పది నిమిషాలు ఆపుతా బాబాయ్. ఇంజన్ వేడెక్కిందని చెప్తాలే. అంతకంటే ఆపితే మలుపుల్లో మంచు కమ్మేస్తుంది, పిన్నినే ఇబ్బంది పెట్టినట్టవుతుంది."

ఆ పది నిమిషాల్లో తొమ్మిది ఊరికే పోయాయి. ఆవిడ కటకటాలకు ఆనుకుని, మొహం ఇటు తిప్పి, దగ్గు ఆపుకుంటూ నిలబడే ఉంది. అదే నీలం శాలువా. బామ్మర్ది చేతికిచ్చిన టిక్కెట్టు ఎగిరిపోకుండా కుడి గుప్పిట్లో బిగించుకుంది. బస్సులో జనం గొణుగుతున్నారు. డ్రైవరు తల గోక్కుంటూ తన సీటెక్కాడు.

అప్పుడు చీలింది మబ్బు. పెద్దగా కాదు, తలుపు ఓరగా తెరిచినంత. వెలుగు ఆవిడ చెవి మీద, చెంప మీద, శాలువా అంచు మీద పడింది. సినిమాయన తల వంచి అద్దంలోకి చూశాడు. అంతా ఉంది. ఆ నీలం ఉంది, నుదుటి గీతలున్నాయి, సిగ్గుపడుతున్నట్టున్న మూతి ఉంది. కిందికి చూస్తే ఆ మూసిన గుప్పిట కూడా ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ గుప్పిట మూసి ఉంటే అంతా సిద్ధమని ఆయన లెక్క. ఇంకేం ఆలోచించలేదు. ఊపిరి బిగబట్టి నొక్కాడు.

బస్సు హారను మోగింది. ఆవిడ నాలుగడుగులు వేసి ఆయన ముందు ఆగింది. చలికి చొక్కా వెచ్చబెట్టుకోవడం మరిచిపోవద్దంది. గిన్నె మూత మీదే పెట్టమంది, పొయ్యి మీద కాదంది. ఆయన తలూపాడు. ఇంకేదైనా అంటాడేమోనని చూసింది.

"బాగా వచ్చింది," అన్నాడు.

"ఏడిశారు," అని నవ్వి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎక్కింది. అంతే. ఏడుపులు లేవు, చేతులూపుకోవడాలు లేవు. బస్సు మొదటి మలుపు తిరిగింది.

సినిమాయన అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి చాపాడు, మూత కోసం. అరచేతిలో గాలి తప్ప ఏమీ పడలేదు. అవునూ, మూత ఆవిడతోనే వెళ్లిపోయిందే అనుకున్నాడు. వదులు లేకుండా కుట్టి మరీ పట్టుకుపోయిందని నవ్వుకోబోయాడు కూడా. కెమెరా సంచిలో పెట్టబోతూ చూస్తే, కింది కంటి మీద మూత ఉంది. మధ్యాహ్నం ఆవిడ బిగించినట్టే ఉంది. వేళ్లతో లాగితే ఒక పట్టాన రాలేదు.

మబ్బు అప్పటికి బాగా విడిపోయింది. సూర్యుడు అంతకు ముందు ఎన్నడూ లేనంత పెద్దగా, తీరుబడిగా కూర్చున్నాడు. మూడో మలుపులో బస్సు అగ్గిపెట్టెంత కనపడింది. పిలిస్తే వినపడదు. వినపడినా, చుట్టలో ఫిల్ము లేదు. ఆయన మూత చేత్తో పట్టుకుని, బస్సు కనపడే మలుపులన్నీ అయిపోయేదాకా నిలబడ్డాడు. తర్వాత మబ్బు మళ్లీ మూసుకుంది, ఆలస్యంగా వచ్చిన జనం హాలు తలుపు తట్టారు.

ఆట వేశాడు. పందొమ్మిదోది వచ్చినప్పుడు పన్నెండు లెక్కపెట్టాడు, ఇంకో పన్నెండు పెట్టాడు. వేడికి ఫిల్ము పొట్ట ఉబ్బింది, బొమ్మ అలుక్కుపోయింది. ఆవిడ ఉన్న చోట ఎర్రటి మరక. అయినా మార్చబుద్ధి కాలేదు. వెనక వరసలో ఎవరో ఎంత ఎరుపో అన్నారు, చప్పట్లు కొట్టారు. ఆయన స్లైడు మార్చాడు.

పదిహేడో రోజున బామ్మర్ది దగ్గర్నుంచి కబురు వచ్చింది. నిద్రలోనే పోయిందట, దగ్గు కూడా వినపడలేదట. ఆయన అదే బస్సులో దిగి వెళ్లి, నాలుగో రోజున తిరిగి వచ్చాడు. డ్రైవరు దారి పొడుగునా ఒక్క జోకు వెయ్యలేదు.

ఆ తర్వాత స్టూడియో నుంచి చుట్ట కడిగి పంపారు. పదకొండు సూర్యుళ్లు, చివర ఒక నల్లటి ముక్క. అది పాడైపోయింది కదా పారేద్దామా అని స్టూడియో ఆయన చీటీ రాశాడు. సినిమాయన దాన్ని కూడా జాగ్రత్తగా కత్తిరించి, మిగతావాటిలాగే అట్ట చట్రంలో బిగించి, వరసలో ఆఖరున పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆట చివర గోడంతా చీకటవుతుంది. జనం అయిపోయిందనుకుని కుర్చీలు జరుపుకుంటూ లేచి వెళ్లిపోతారు. ఆయన దాన్ని ముందే వెచ్చబెట్టి ఉంచుతాడు, నలుపు మీద చూపు నిలిపి పన్నెండు లెక్కపెడతాడు, ఆ తర్వాతే దీపం ఆర్పుతాడు. పెట్టె పక్కన మేకుకు తోలు మూత వేలాడుతుంటుంది. లోపల ఎర్ర పీలిక అంచున ఒక కుట్టు ఊడి, దారం కొస జానెడు బయటికి వచ్చింది. పెట్టెలోంచి వచ్చే వెచ్చటి గాలికి అది కదులుతూ ఉంటుంది.