భానుమతి సాపు రాసిన వ్యాసం

భీమేశ్వరరావు చేతిరాత కోడి కెలికినట్టుండేది. తర్కశాస్త్రంలో అంత పేరున్న మనిషికి తను రాసింది తనకే ఒక్కోసారి అర్థమయ్యేది కాదు. అందుకే పెళ్లయిన మరుసటేడు నుంచీ ఆయన నోటుపుస్తకాల్లోది సాపు రాసే పని భార్య భానుమతి మీద పడింది. ఆ కొక్కేలూ బాణాలూ తలకిందుల అక్షరాలూ ఏమిటో ఆవిడకి తెలియదు. తెలియకపోయినా ఇరవయ్యేడేళ్లలో ఒక్క గీత వదల్లేదు. పేరు ఆయనకే రానీ, ఈ సంగతి తనకి తెలిస్తే చాలనుకునేది పిచ్చిది.

అంచుల్లో రాసుకున్నవి మాత్రం దించొద్దని ఆయన మొదట్లోనే చెప్పాడు. ఆవిడ అటుకేసి చూసేది కూడా కాదు.

రెండువేల ఐదు మే నెలలో పుణె నుంచి వీణ అనే పరిశోధకురాలు ఉత్తరం రాసింది. కొన్ని రకాల వాదనలు చెల్లుతాయో చెల్లవో లెక్క చేసినట్టు తేల్చవచ్చని భీమేశ్వరరావు ఎనభైఏడులో నిరూపించాడు. ఆయన్ని ప్రొఫెసర్ని చేసింది ఆ వ్యాసమే. అది అచ్చయిన రోజున భానుమతిని అశోకా రోడ్‌లోని తెలుగు భోజనశాలకి తీసుకెళ్లి భోజనం కూడా పెట్టించాడు. ఆ నిరూపణలో ఆరో మెట్టు నుంచి ఏడో మెట్టుకి ఎలా వచ్చారో అందడం లేదని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది.

భీమేశ్వరరావు ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు.

"మధ్యలో ఒక లైనుండాలి భానూ. సాపు రాసేటప్పుడు నువ్వు వదిలేసుంటావ్."

"నేనా?"

"మరి నేనా?"

"పాత నోటుపుస్తకం తీసి చూస్తానుండండి."

"ఇప్పుడవన్నీ ఎందుకు? ఆ దుమ్ములో చెయ్యి పెట్టావంటే నీ ఆయాసం మళ్లీ మొదటికొస్తుంది."

వినలేదావిడ. తమ మునిర్కా ఫ్లాటు బాల్కనీలో ఉన్న ట్రంకుపెట్టెలు రెండు రోజులు తిరగేసింది. తిండి సహించలేదు. వదిలేసింది తనే అయితే ఇన్నేళ్ల చాకిరీకీ ఏం విలువన్నట్టు?

ఎనభైఏడు నోటుపుస్తకం దొరికింది. ఆరో మెట్టు, దాని కింద ఏడో మెట్టు. మధ్యలో ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంది. అప్పుడు మొదటిసారి అంచు కేసి చూసింది. ఎర్ర పెన్సిలుతో ఉంది: ‘ఇక్కడ కుదరడం లేదు. ఎవరూ చూడరు. పోనీ.’

ఆయన్ని కడిగేద్దామని నోటుపుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్లింది. ఆయన ఆవిడ మొహం కేసి చూడలేదు, నోటుపుస్తకం కేసి చూశాడు.

"దొరికిందా?"

ఆ గొంతు వినగానే ఆవిడ నోటుపుస్తకం మూసేసింది. అరవయ్యారేళ్ల మనిషి పరీక్షలో కాపీ కొట్టి దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"లేదండీ. నేనే వదిలేసుంటాను."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "పోన్లే. ఎవరికైనా జరుగుతుంది" అని క్షమించేశాడు మహానుభావుడు.

"నా రాత ఆ అమ్మాయికి అర్థం కాదు, జవాబు నువ్వే రాద్దువుగాని" అంటూ ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టాడు. లోపం నా భార్య సాపు రాయడంలో జరిగింది, ఆ లైను త్వరలో పంపుతాను, అని.

ఆవిడ గుండ్రటి అక్షరాలతో అలాగే రాసింది. ఇరవయ్యేడేళ్లలో భానుమతి తెలిసి తప్పు రాసింది ఆ ఒక్కసారే.