రాజులు తేని కుట్టుమిషన్

హెర్లిందా బార్రియెంతోస్ కోపిష్టి అని మా వర్క్‌షాపులో అందరికీ తెలుసు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ పొడుగాటి గదిలో నా పక్క మిషన్ ఆమెదే. పదిహేడేళ్ళుగా పక్కపక్కన కుడుతున్నాం. దారం తెగితే దారాన్ని తిడుతుంది, సూది విరిగితే సూది చేసినవాణ్ని తిడుతుంది, కరెంటు పోతే ప్రభుత్వాన్ని తిడుతుంది. ఆ బొమ్మ మాట వచ్చినప్పుడు మాత్రం తిట్టేది కాదు. దవడ బిగించి ఊరుకునేది. తిట్లకన్నా ఆ ఊరుకోవడానికే నాకు భయం వేసేది.

ఆ బొమ్మ ఒక చిన్న కుట్టుమిషన్. రేకుతో చేసింది, లేత నీలం రంగు, పక్కన తిప్పే పిడి, మెడ మీద తెల్లపూలు. ఉత్తుత్తిది కాదు, నిజంగా కుట్టేది. ఏడో ఏట, ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట హెర్లిందా దానికోసం, రాజుల పండగ రాత్రి ఒంటెల మీద వచ్చి పిల్లలకి బొమ్మలు పెట్టిపోతారనే ముగ్గురు రాజులకి ఉత్తరం రాసి తన బూటులో పెట్టింది. మూడేళ్ళూ జనవరి ఆరు తెల్లారేసరికి బూటు పక్కన ఇంకేదో ఉంది. ఒకసారి ప్లాస్టిక్ పళ్ళేలు, ఒకసారి మేజోళ్ళు, ఒకసారి గుడ్డబొమ్మ. వాళ్ళ నాన్న ఎవరార్డో సిటీ బస్సు డ్రైవరు. "రాజుల ఒంటె కుంటిదైందమ్మా, అంత బరువు మోయలేకపోయింది" అన్నాడట.

నాకు చెప్పింది అంతవరకే. ఆమెకి యాభై రెండేళ్ళు వచ్చినా అదే మాట చెప్పి ఆపేసేది.

నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. కర్మలన్నీ అయ్యాక ఒక శనివారం మిషన్‌కి గుడ్డ కప్పుతూ, "ఓఫేలియా, రేపు లగునీయా సంతకి నాతో వస్తావా?" అంది. అలా మొదలైంది. ఆదివారం వచ్చిందంటే చాలు, పాత సామాన్ల మధ్య తిరగడమే. అది దొరికిందా అంటే దొరకలేదు. ఒకసారి గులాబీరంగుది ఒకటి అద్దాల పెట్టెలో కనిపించింది. పిడి తిప్పి చూస్తానంది హెర్లిందా.

"ముట్టుకోకండి మేడమ్. ఇది ఆడుకునేది కాదు, పెట్టుకునేది" అన్నాడు కొట్టువాడు.

"కుట్టని మిషన్ని పెట్టుకుని ఏం చెయ్యను? కొవ్వొత్తులు వెలిగించి మొక్కుకోనా?" అని వాడి మీద ఒంటికాలి మీద లేచింది. చుట్టూ జనం పోగయ్యారు. చెయ్యి పట్టి లాక్కొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

సంతలో ఆమెని ఓర్చుకునేవాడు ఒక్కడే, దోన్ తిబుర్సియో. పాత రేడియోలు, ఇస్త్రీపెట్టెలు అమ్మే ముసలాయన. హెర్లిందా పూర్తిపేరు, ఫోన్ నంబరు తన పుస్తకంలో రాసుకున్నాడు. అక్టోబరు చివరి ఆదివారం మమ్మల్ని అల్లంత దూరాన చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా హెర్లిందా! నీ పంట పండింది. పోర్తాలెస్‌లో ఒకావిడ దగ్గర నీ మిషన్ ఉంది. వాళ్ళమ్మ పోయిందట, ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు నా దగ్గరికి తెచ్చింది. నువ్వు వెతుకుతున్నావని చెప్పి నీ పేరూ నంబరూ ఇచ్చాను."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలా! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"నా మీద పడతావేం తల్లీ! నీ పేరు వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది. నేనే ఫోన్ చేస్తానంది. నిన్న మళ్ళీ వచ్చి, చెయ్యబుద్ధి కావడంలేదు, ఈ చిరునామా ఇచ్చేయండి అంది."

కాగితం మీద వీధి పేరూ ఇంటి నంబరూ ఉన్నాయి. కింద 'నోయెమి బార్రియెంతోస్' అని ఉంది.

"మీ ఇంటిపేరే!" అన్నాను.

హెర్లిందా కాగితాన్ని నలిపి పిడికిట్లో పెట్టుకుంది. "పద" అంది. మెట్రో దిగేదాకా ఆ పిడికిలి విప్పలేదు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

తలుపు తీసినావిడకి యాభై ఉంటాయి. ఇంట్లో తిరిగే చెప్పులు, నెరిసిన జుట్టు. ముక్కు మీద ఒకటిగా కలిసిపోయిన దట్టమైన కనుబొమలు. అలాంటివే పదిహేడేళ్ళుగా నా పక్క మిషన్ దగ్గర చూస్తున్నాను. నాకు విషయం అక్కడే అర్థమైంది.

"మీరేనా హెర్లిందా?" అందావిడ.

"నేనే. నిన్ను నేనొకసారి చూశాను. నువ్వే నన్ను చూళ్ళేదు."

లోపల అంతా అట్టపెట్టెలు. మూల బకెట్టులో బంతిపూలు, గోడవార బల్ల మీద వాళ్ళమ్మ ఫోటో. చనిపోయినవాళ్ళు తమ ఫోటో పెట్టిన ఇంటికి వచ్చిపోయే పండుగకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. భోజనాల బల్ల నడుమ, లేసు గుడ్డ మీద, ఆ లేత నీలం మిషన్. రంగు ఎక్కడా పెచ్చు లేవలేదు. తెల్లపూలు నిన్న వేసినట్టున్నాయి.

హెర్లిందా దాన్ని చూసి నావైపు తిరిగింది.

"ఓఫే, రాజులు ఎందుకు తేలేదని అడిగేదానివిగా. తెచ్చారు. కాకపోతే ఇల్లు తప్పారు. నాకు తొమ్మిదేళ్ళు. రాజుల పండగ మర్నాడు. నాన్న మధ్యాహ్నం తిండికి కట్టిన టాకోల మూట మర్చిపోతే ఇచ్చి రమ్మని అమ్మ బస్సుల అడ్డాకి పంపింది. బస్సెక్కాను. డ్రైవరు సీటు వెనకే ఇదిగో, ఈవిడ కూర్చునుంది. ఒళ్ళో ఆ మిషన్. 'నాన్నా, సూది ఎక్కడ పెట్టాలి?' అంటోంది. ఆయన నన్ను చూశాడు. మూట అందుకున్నాడు. 'ఇంటికెళ్ళు, మీ అమ్మకి చెప్పకు' అన్నాడు. చెప్పలేదు! అమ్మ పోయేదాకా ఒక్కరికి చెప్పలేదు. నోట్లో నిప్పు పెట్టుకుని బతికాను."

నోయెమి కుర్చీ పట్టుకుని నిలబడింది. "నేను దాన్ని అడగలేదు. నేను అడిగింది చక్రాల బూట్లు."

"అడక్కుండానే వచ్చిందా? అదృష్టవంతురాలివి!"

"అదృష్టమా?" ఈసారి ఆవిడ గొంతు కూడా లేచింది. "ఆయన నీకు రోజూ ఉన్నాడు. నాకు గురువారాలు! అదీ సాయంత్రం ఆరు కొట్టకముందే వాచీ చూసుకునేవాడు. మా అమ్మ వండిన కూర చల్లారకముందే లేచిపోయేవాడు. మీరంతా ఉన్నారని నాకు పన్నెండేళ్ళు వచ్చాక, బళ్ళో ఒకత్తె ఎగతాళి చేస్తే తెలిసింది. నా మీద అరవకు. నేనేం దొంగతనం చెయ్యలేదు."

ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి కొరకొరా చూసుకున్నారు. ఒకే కనుబొమలు ఒకేలా ముడిపడ్డాయి. నాకెక్కడ కూర్చోవాలో తెలియలేదు.

కాసేపటికి నోయెమి గొంతు తగ్గించింది. "అది నీకోసం కొన్నదే. మా అమ్మ పోయేముందు చెప్పింది. ఆ రాజుల పండగ ముందురోజు బస్సులో సీటు కింద కాగితం చుట్టిన పెట్టె కనిపించిందట. 'నా పిల్లకి తెచ్చావా?' అందట. ఆయన కాదనలేదు. నోరు మెదపలేదు. అమ్మ పెట్టె పట్టుకొచ్చేసింది. నీకు చెబితే కాస్త ఊరటగా ఉంటుందని..."

"ఊరటా!" హెర్లిందా బల్ల మీద అరచేత్తో కొట్టింది. లేసు గుడ్డ మీద మిషన్ ఎగిరిపడింది. "ఊరటా? నన్ను మర్చిపోయాడనుకున్నాను ఇన్నేళ్ళూ. మర్చిపోయినా బాగుండేది! నా ఉత్తరం చదివాడు. దుకాణానికి వెళ్ళాడు. కొన్నాడు, కాగితం చుట్టించాడు. అన్నీ చేసి, ఒక్క మాట, 'ఇది హెర్లిందాది' అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? ఇంటికొచ్చి నాకు ఒంటె కుంటిదని చెప్పడానికి మాత్రం నోరు పెగిలిందా?"

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ లాక్కుని మిషన్ ముందు కూర్చుంది. పిడి తిప్పింది. సూది కింది పలక తీసి చూసింది, లోపల దారపు నూగు కూడా లేదు. ముఖం ఇంకా నల్లబడింది.

"దీంతో ఒక్క కుట్టు కూడా కుట్టలేదే!"

"సూది ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. వచ్చే గురువారం చూస్తానన్నాడు. ఈలోపు అమ్మ దాన్ని బీరువా మీద పెట్టేసింది, వచ్చినవాళ్ళకి కనబడాలని. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు."

"నలభై మూడేళ్ళు బీరువా మీద!"

హెర్లిందా సంచీలో చిన్న స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, సూదులు ఎప్పుడూ ఉంటాయి. ఒక సూదిని కత్తిరించి కొలతకి తెచ్చి బిగించింది. దారం ఎక్కించింది. నోయెమి వంటింటి తువాలు తెచ్చి అడక్కుండానే అందించింది. పిడి తిరిగింది. మిషన్ టకటకమని గొలుసుకుట్టు వేస్తూ పోయింది. నాలుగు కుట్లకొకటి తప్పుతోంది. జానెడు కుట్టాక హెర్లిందా కొసదారం పట్టి లాగింది. కుట్టంతా సర్రున ఊడి చేతిలోకొచ్చింది.

"ఇదా?" అంది. "ఇంత చెత్తదా? దీనికోసమా నేను..."

నోయెమికి నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు! నాకింకా కోపంగానే ఉంది."

"నాకూ ఉంది. అయినా వస్తోంది, ఏం చెయ్యను?"

హెర్లిందా తల తిప్పి బంతిపూల బకెట్టునీ ఆ ఫోటోనీ చూసింది. "ఆయన ఫోటో ఏది?"

"నేను పెట్టను. మీ ఇంట్లో పెడతారుగా అని."

"మా ఇంట్లోనా? అమ్మ పోయినప్పటినుంచీ తీసి అవతల పెట్టాను."

"అయితే పండగనాడు ఆయనకి ఎక్కడా చోటు లేదన్నమాట" అని నోరు జారాను. ఇద్దరూ నావైపు చూశారు.

"బస్సులోనే ఉండమను" అంది హెర్లిందా.

లేచి, మిషన్‌ని లేసు గుడ్డతో సహా చంకలో పెట్టుకుంది. "ఇది నువ్వు ఇస్తున్నది కాదు, నేను తీసుకుంటున్నది. నాది కాబట్టి. థాంక్స్ చెప్పను."

"చెప్పకు. మెల్లగా మాట్లాడు, పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ!"

గుమ్మం దగ్గర నేను మాత్రం చెయ్యి కలిపి వచ్చాను. మర్యాద అని ఒకటుంటుంది కదా.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె మిషన్ని విప్పి బల్ల నిండా పరిచింది. లోపలి కొక్కెం వంకర పోయి ఉంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తూ, ఆ బొమ్మ చేసినవాణ్ని, అమ్మినవాణ్ని, కొన్నవాణ్ని వరసపెట్టి దులిపేసింది. గంట మోగేసరికి మిషన్ తిన్నగా కుట్టింది. ఒక యూనిఫారం జేబు మడతని దాంతోనే కుట్టి చూపించింది. మా సూపర్‌వైజరు ఆ జేబు ఊడదీసి మళ్ళీ కుట్టమన్నాడు. అతనికీ పడాల్సినవి పడ్డాయి.

నోయెమి ఆ వారమే ఫోన్ చేసింది. "ఏం కావాలి?" అంది హెర్లిందా. కట్ చేస్తుందనుకున్నాను. నలభై నిమిషాలు పోట్లాడింది. "మీ అమ్మ తీసుకుంది, సరే, ఈయన ఎందుకిచ్చాడు?" అన్న మాట నాకు నాలుగుసార్లు వినపడింది.

పండగనాడు ఇద్దరూ కలిసి ఎవరార్డో సమాధి దగ్గరికి వెళ్ళారట. పూలు తీసుకెళ్ళలేదు. చుట్టుపక్కల సమాధుల దగ్గర జనం తింటూ పాడుకుంటూ ఉంటే, వీళ్ళు మాత్రం నిలబడి తిట్టారట.

"ముందు నేను తిట్టాను. తరవాత అది తిట్టింది" అని మర్నాడు చెప్పింది హెర్లిందా, దారం ఎక్కిస్తూ. "దానికి తిట్టడం సరిగ్గా రాదే ఓఫే. గురువారాలు, గురువారాలు అని అక్కడే ఆగిపోయింది. తక్కినవన్నీ నేనే అందించాల్సొచ్చింది."