ఇంటి మనిషి భుజం

గాజు కప్పుల లోపల పట్టిన మసిని ఆమె పీచు పెట్టి తోముతోంది. లోపల మంట చూపి రోగుల వీపుల మీద బోర్లించే కప్పులవి. సూదులు గుచ్చి నొప్పులు తగ్గించే ఆ వైద్యశాలలో చేరిన నాటి నుంచీ ఆమె పని అదే. అందుకే అందరూ ఆమెను కప్పులమ్మ అంటారు.

నిరుడు డాక్టరమ్మ ఆమె చేతులు చూసి, "కుదురైన చేతులే నీవి, నేర్చుకుంటావా?" అంది. అప్పటి నుంచి ముందు దూదిదిండు మీద, ఆపైన తన మోకాలి కింద సూది గుచ్చి నేర్చుకుంది. వెంట్రుకంత సూది. గాలానికి చేప తగిలినట్టు లోపల కండ సూదిని పట్టుకుంటే, చోటు దొరికినట్టు.

ఇక మిగిలింది ఒక్కటే. ఇంటి మనిషి ఎవరైనా ఒళ్ళిచ్చి, డాక్టరమ్మ ఎదుటికొచ్చి "నాకు వేసింది ఈమే" అని చెప్పాలి. అంతవరకూ రోగిని ముట్టనివ్వదు. "ఇంట్లోవాళ్ళు నమ్మని చేతికి ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు ఎలా అప్పగించనే?" అంటుంది.

ఆమెకున్న ఇంటి మనిషి మొగుడొక్కడే. ఆ ఉదయం అతను భుజం పట్టేసిందని మూలుగుతూ అక్కడికే వచ్చి బోర్లా పడుకున్నాడు. ఆమె ఆశగా చేతులు కడుక్కుని మంచం దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఇది తప్ప ఎవరైనా పొడవండి" అన్నాడతను. "కూరలో ఉప్పు వెయ్యడమే చేతకాదు దీనికి, ఒంట్లో సూదేం వేస్తుంది?"

మంచాల మీదివాళ్ళంతా పకపకా నవ్వారు. ఆమె తర్వాత చేరిన కళ్ళజోడు శిష్యుడు అతనికి సూదులు వేశాడు. ఆమె తొట్టి దగ్గరికి తిరిగి వెళ్ళింది. కప్పొకటి ఆమె పిడికిట్లోనే పగిలింది.

సాయంత్రానికి నొప్పి తిరగబెట్టింది. ఇంట్లో అతను తలుపు గడియ పెట్టి చొక్కా విప్పాడు.

"ఏమే, నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ప్రాణం పోతోంది."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా తను నేర్చుకునే సూదుల్లో ఒకటి తీసి, భుజం స్పిరిట్‌తో తుడిచి, రెక్కెముక వెంట బొటనవేలితో నొక్కుతూ చోటు వెతికింది.

"కదలకండి. సూది ఉన్నంతసేపూ రాయిలా ఉండాలి."

సూది దిగింది. చేప తగిలింది.

"అబ్బ! వాడి చెయ్యి ఇలా లేదే. లేచొచ్చినట్టుంది ప్రాణం."

ఆమె ముందుకు వంగింది. "రేపు ఆ మాటే డాక్టరమ్మతో చెప్తారా?"

"పిచ్చా నీకు? పెళ్ళాం చేత పొడిపించుకున్నానంటే నలుగురూ నవ్విపోరూ? ఆ కళ్ళజోడు చలవే అని చెప్తాను. నువ్వు కూడా నోరు మూసుకో."

ఆమె నోరు మూసుకుంది. చేతులు తుడుచుకుంది. గడియ తీసింది.

"ఎక్కడికే? సూది తియ్యవూ? నా చెయ్యి అందదే! ఎవర్నైనా పిలిస్తే, ఎవరు వేశారని అడగరటే?"

వాకిట్లో చెప్పుల చప్పుడు దూరమైంది. అతని భుజం వెనక సూది, ఊపిరి ఊపిరికీ సన్నగా ఊగుతోంది.