పెళ్లికూతురు ఒంటె

భీమారావుకు పేకాట రాదు. రమ్మీ ఎలా ఆడతారో ఈనాటికీ తెలియదు. అయినా గుఢియారీ బజారులో పాత సామాన్ల కొట్లవాళ్లంతా ఆయన్ని "పత్తేవాలే బాబూ" అని, అంటే పేకముక్కల బాబూ అని, హిందీలో పిలుస్తారు. ఆయన కొనేవి పిల్లల పేకలు. ఒకప్పుడు సెలవుల్లో పిల్లలు చాప పరుచుకుని ఆడుకున్న బొమ్మల ముక్కలు. రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో డ్యూటీ దిగి ఇంటికొస్తే పెళ్లాం మొహం కన్నా ముందు ఆ ముక్కల మొహమే చూస్తాడని భార్య నాంచారమ్మ దెప్పుతుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఆయన పిచ్చంతా బొమ్మల మీదే. ఎవరో, పేరు కూడా వేసుకోని చిత్రకారుడు, కుందేలు మీసాన్ని ఒక్క గీతలో ఎలా లాగాడో, అచ్చులో ఎరుపు కాస్త పక్కకి జరిగి నక్క పెదవి దాటి ఎలా పోయిందో గంటలకొద్దీ చూస్తాడు. ఒకసారి చూసింది మర్చిపోడు. అడిగితే అలాగే గీసి చూపిస్తాడు కూడా. ఆ సంగతిలో ఆయనకు ఉండాల్సినదానికన్నా ఎక్కువే గర్వం.

దీపావళికి ఇల్లు దులుపుతూ, వెనక లైనులో ఉండే నళిని ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది.

"మా మావగారి నాటివి బాబాయిగారూ. ఇంట్లో ఉంటే సూడ్నేకపోతన్నాను. మీరైతే బాగా సూసుకుంతారు."

ఎందుకు చూడలేకపోతోందో కాలనీ అంతటికీ తెలుసు. నళిని, హేమంత్‌లకు ఒక్కగానొక్క కూతురు అమూల్య. తొమ్మిదేళ్ల పిల్ల, వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. భీమారావు అయ్యో అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ చేతులు అప్పటికే పెట్టె మూత తీస్తున్నాయి.

లోపలున్నది పెళ్లిళ్ల ఆట. ఒక్కో జంతువుకీ ఒక పెళ్లికొడుకు ముక్క, ఒక పెళ్లికూతురు ముక్క. జతలు కలిపి దింపెయ్యాలి. జత లేని బ్రహ్మచారి ఎలుగుబంటి ఎవరి చేతిలో మిగిలితే వాళ్లు ఓడినట్టు. ఈ ఆట కోసం భీమారావు ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు. తిల్దా అనే ఊళ్లో ఒక రైసుమిల్లు గుమాస్తా ఇంట్లో దొరికిన పెళ్లికూతురు ఒంటె మాత్రం ఆయన దగ్గర విడిగా పడి ఉంది. నళిని పెట్టెలో సరిగ్గా ఆ ఒంటె తప్ప అన్నీ ఉన్నాయి. దాని బదులు ఎవరో శుభలేఖ అట్టను ముక్క సైజుకి కత్తిరించి, స్కెచ్ పెన్నులతో ఏదో గీసి పెట్టారు.

ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. అసలు ఒంటెను పేకలో పెట్టేశాడు. ఇలాంటివి దాచుకునేవాళ్లకు ఆటలో అసలు ముక్కలన్నీ ఉండడమే ముఖ్యం, నకిలీ ముక్క లోపల ఉండకూడదు. ఆ శుభలేఖ ముక్కనైనా ఆయన ఊరికే పోనివ్వలేదు. పెట్టె మూలలు ఊడిపోయి ఉంటే, వాటికి మైదాపిండి జిగురు రాయడానికి వాడుకున్నాడు. పనయ్యాక జిగురుతో సహా చెత్తబుట్టలో పడేశాడు. మర్నాడు చెత్తబండి వచ్చి తీసుకుపోయింది.

చలి మొదలయ్యాక నళిని మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బాబాయిగారూ, ఆ పేకలో పెళ్లికూతురు ఒంటె ముక్క పోతే మా అమూల్యే గీసి ఎట్టింది. ఆ రోజు నాకు మతి నేదు, మొత్తం ఇచ్చేసినాను. మిగతావన్నీ మీ దగ్గరే ఉంచండి. సాలు, అదొక్కటీ ఇచ్చెయ్యండి."

భీమారావు నిజం చెబుదామనే నోరు తెరిచాడు, అబద్ధం వచ్చింది.

"శానా పెట్టెలున్నాయమ్మా. ఎతికి ఆదివారం నానే తెచ్చిస్తాను."

ఆమె కళ్లలో మెరుపు చూసి నాంచారమ్మ లోపలికి వెళ్లిపోయింది. నళిని మెట్లు దిగాక బయటికొచ్చి, "సెత్తబండిలో పోయింది ఆదివారానికి తిరిగొస్తదేటి?" అంది.

దానికి భీమారావు దగ్గర ఉపాయం ఉంది. అచ్చం అలాంటి ముక్కే తయారుచేస్తాడు. ఇంత చెయ్యి తిరిగినవాడికి చిన్నపిల్ల బొమ్మ ఓ లెక్కా? శనివారం మధ్యాహ్నం పాత శుభలేఖ కత్తిరించాడు, స్కెచ్ పెన్నులు ముందేసుకున్నాడు. చెయ్యి కదల్లేదు.

పెళ్లికొడుకు ఒంటె తలపాగాకి ఎన్ని మడతలో చెప్పగలడు. అమూల్య గీసిన ఒంటె పసుపా, నీలమా? నిలబడిందా, కూర్చుందా? ఫోను తెరిచి చూశాడు. అందులో ఉన్న ఫొటోలన్నీ అసలు ఒంటెను పెట్టాక తీసినవే. ఎంత గింజుకున్నా గుర్తొచ్చింది ఒక్కటే, అట్ట గట్టిగా ఉండి జిగురు రాయడానికి అనువుగా ఉందని. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీరు గీస్తే మీ ఒంటె అవుద్ది, ఆ పిల్ల ఒంటె అవదు," అంది నాంచారమ్మ, ఈసారి దెప్పకుండా. "ఎల్లి సెప్పెయ్యండి."

ఆదివారం వెళ్లాడు. హేమంత్ డ్యూటీలో ఉన్నాడు. నళిని అప్పటికే టీ పెట్టి ఎదురుచూస్తోంది. భీమారావు కూర్చోకుండానే అంతా చెప్పేశాడు, జిగురు సంగతి కూడా దాచలేదు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె కుర్చీ ఆయనవైపు జరిపింది.

"పోతే పోనీండి. ఆ ఒంటె ఎలగుందో సెప్పండి, సాలు."

ఆయనకు అర్థం కాలేదు.

"గీసి నాకు సూపిద్దామని వొంటింట్లోకొచ్చింది బాబాయిగారూ. కూర మాడిపోతంది, మళ్లీ సూత్తానే అన్నాను. మళ్లీ సూళ్లేదు. మాయనకీ గురుతు లేదు. మీరైతే ఒక్కో బొమ్మా గంటలు గంటలు సూత్తారు గదా. దానికి ముసుగేసిందా? ఏ రంగేసింది?"

భీమారావు కుర్చీలో కూలబడ్డాడు.

"నానూ సూళ్లేదమ్మా," అన్నాడు.

నళిని తల అడ్డంగా ఊపింది. ఆ మాట ఆమె నమ్మలేదు. గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది.

"కంగారు పడకండి. టీ తాగండి, నెమ్మదిగా గురుతొస్తది," అని ఆయన మొహంలోకే చూస్తూ ఎదురుగా కూర్చుంది.