మధ్య తలుపు వెనక ఈల

వీధిలో అతన్ని చెవి మేస్త్రీ అంటారు. టీవీ బాగుచేసే ఎవరైనా మొదట వెనక మూత విప్పుతారు. ఇతను స్విచ్చి వేసి, మాట తగ్గించి, కళ్ళు మూసుకుంటాడు. పాత పెట్టె టీవీ ప్రాణంతో ఉంటే లోపల వెంట్రుకంత సన్నటి ఈల వేస్తుంది. అది దారంలా సాగితే క్షేమం, వణికితే ఒక జబ్బు, తెగి తెగి వస్తే ఇంకో జబ్బు. అసలు లేకపోతే పిక్చర్ ట్యూబుకు కరెంటు పంపే భాగమే చచ్చిందని లెక్క. కంపెనీవాళ్ళ సర్క్యూట్ డయాగ్రం ఏనాడూ అతని బల్ల మీదికి రాలేదు. వచ్చినా నిలువుగా పట్టుకోవాలో అడ్డంగా పట్టుకోవాలో తెలియదు. చెవే అతని డయాగ్రం.

దర్జీ తెచ్చిన టీవీ దగ్గర ఆ చెవికి ఏమీ అందలేదు.

మాట ఉంది, బొమ్మ లేదు. ఈల లేదు. ట్యూబు మెడలో వెలగాల్సిన ఎర్రటి మిణుకూ లేదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక మూడోవాణ్ణి పిలవడం దేనికని అతను ట్రాన్సిస్టర్ ఊడదీశాడు. అది బాగానే ఉంది. అయినా కొత్తది వేశాడు. ట్యూబుకు కరెంటు పంపే ఈహెచ్‌టీ అనే నల్లటి ముద్దనూ మార్చాడు. ఊహూఁ. ఈల లేదు.

దర్జీ రోజూ వచ్చి షాపు మెట్టు మీద చతికిలబడతాడు.

"ఏం బావా, ఇంకా ఎన్నాళ్ళు? చూడ్డానికి ఇంకేం లేక మీ చెల్లెలు నా మొహమే చూస్తోంది. ఈ వయసులో అవసరమా ఆ పిల్లకి?"

"చూస్తున్నా."

"ఏం చూడ్డమో! నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

దర్జీ నవ్వుతూ లేచి వెళ్ళాడు. మేస్త్రీకి మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఈమధ్య చూరులో పిచ్చుక పిల్లలు నోళ్ళు తెరవడం కనిపిస్తోంది గాని, అరుపు ఎక్కడో దూదిలో పడిపోతోంది. పిచ్చుకలు మంచివైపోయాయి అనుకున్నాడు. అనుకోవడానికి ఏముంది, ఖర్చా? కానీ చెవి పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఏదో ఒక స్క్రూ వెతుక్కునేవాడు.

షాపంటే ఇంటి ముందు గదే. వెనక వంటిల్లు, మధ్యలో ఒక తలుపు. కోడలు కాపురానికి వచ్చినప్పటినుంచీ అతను టీవీకి స్విచ్చి వేయడం, ఆ తలుపు దభీమని పడడం. ఇంట్లో ఈ ఇనప సామాను గొడవ నచ్చలేదు కాబోలు అనుకున్నాడు. అడగలేదు. అతను మాటకు పిసినారి, ఆ పిల్లకు మామగారంటే బెరుకు. "మంచినీళ్ళా మామయ్యా?" "ఊఁ." అంతే, ఆ ఇద్దరి కబుర్లు.

ఆ మధ్యాహ్నం టంకం పొగ గాలిలో ఇంకా తిరుగుతూండగా బల్ల మీద తల వాల్చాడు. కళ్ళ ముందున్న బోర్డు మెల్లగా ఊరైంది. రాగి గీతలు సందులయ్యాయి. కెపాసిటర్లు నీళ్ళ ట్యాంకుల్లా బారులు తీరాయి. అతను చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు. నేల వెచ్చగా ఉంది. ప్రతి గుమ్మంలోనూ మనుషులు అతన్ని పలకరిస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. వెన్నెలలాంటి ఏదో వెలుతురు అందరి మీదా కురుస్తోంది. చివరి ఇంటి ముందు ఎవరో అమ్మాయి రెండు చెవులూ మూసుకుని నిలబడింది. ఎందుకమ్మా అని అడగబోతే తన మాటా తనకే వినిపించలేదు.

మెలకువ వచ్చింది. కల ఇంకా రెప్పల మీద ఉండగానే చెయ్యి వెళ్ళి స్విచ్చి వేసింది.

దభీమని తలుపు పడింది.

అతను తలుపు వంక చూశాడు. టీవీ వంక చూశాడు. మళ్ళీ తలుపు వంక చూశాడు. లేచి వెళ్ళి తట్టాడు.

కోడలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తీసింది. "గట్టిగా పడిందా మామయ్యా?"

"చచ్చిన టీవీకి తలుపెందుకు వేస్తావమ్మా?"

"చచ్చిందా! అలా కూస్తుంటేనూ?"

"కూస్తోందా?"

"చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. మీరు పనిలో ఉంటే ఆపమని ఎలా అంటాను? అందుకే తలుపేసుకుంటా. మీరేమనుకున్నారు?"

"ఏమీ అనుకోలేదు," అన్నాడు. ఆమె మొహం చూడకుండా.

టీవీ దగ్గరికి వచ్చి ముంజేతిని అద్దానికి దగ్గరగా పెట్టాడు. తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటే లేచి, గాలికి గడ్డిలా అద్దం వైపు వంగాయి. మూడో సాక్షి అది. పిలవనే లేదు తను. టీవీకి ప్రాణం ఉంది, ఇన్నాళ్ళూ ఈల వేస్తూనే ఉంది. ఆగిపోయింది ఇటువైపు.

ఏడుపు రాలేదు. ఏదో దూరపు బంధువు పోయాడని ఆలస్యంగా తెలిసినట్టుంది.

ఈల ఉండీ మిణుకు లేదంటే తంటా ట్యూబు మెడ దగ్గరే. స్విచ్చి తీసి, సాకెట్టు ఊడదీసి, వెలుతురుకు పట్టాడు. ఒక పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత పగులు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట. కాస్త టంకం ముట్టించాడు.

మళ్ళీ స్విచ్చి వేశాడు. ట్యూబు మెడలో ఎరుపు రాజుకుంది. అద్దం మీద బూడిదరంగు వెలుగు తెల్లారుతున్నట్టు పరుచుకుని, అందులోంచి ఒక మొహం తేలింది.

"అమ్మా, ఇలా రా. దారంలా ఉందా, తెగుతోందా?"

ఆమె ఒక చెవి మూసుకుని గుమ్మంలో నిలబడింది. "దారంలానే. చివర కొంచెం వణికింది. ఆఁ, ఇప్పుడు లేదు."

ఆ దారం అతనికి గుర్తుంది. కళ్ళు మూసుకుని, ఆమె మాటను పట్టుకుని, దాని వెంట కొంత దూరం వెళ్ళాడు. తర్వాత టీవీ ఆపేసి, ఆమె చేతిలో చిటికెడు దూది పెట్టాడు. "ఇకమీదట స్విచ్చి వేసేముందు చెప్తాలే."

సాయంత్రం దర్జీ బొమ్మ చూసి నోరు వెళ్ళబెట్టాడు. "మొత్తానికి డయాగ్రం తెప్పించావా బావా?"

"ఊఁ. వంటింట్లో ఉంది."

"వంటింట్లోనా?"

మేస్త్రీ చూరు వైపు చూశాడు. చిన్న నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"అమ్మా, పిచ్చుక పిల్లలు అరుస్తున్నాయా?"

"అరవడమా!" లోపల్నించి వచ్చింది జవాబు. "ఇల్లు పీకి పందిరేస్తున్నాయి మామయ్యా!"

మధ్య తలుపు తీసే ఉంది.