మూరకు నాలుగు వేళ్లు

కడప నుంచి వచ్చిన రాఘవేంద్రప్రసాద్ సార్ అట్టపెట్టె విప్పి, ప్లాస్టిక్ యాపిల్ పండ్లు బల్ల మీద వరసగా పేర్చాడు. నాగలతకు ఒళ్లు మండిపోయింది. మైదుకూరు హైస్కూల్లో చదువులో వెనకబడిన పన్నెండు మంది పిల్లలకు ఆమె లెక్కలు చెబుతుంది. ఇంటి పనికీ అంగడి పనికీ అక్కరకొచ్చే లెక్కలు నేర్పాలని పైనుంచి కాగితం వచ్చింది. అందుకు ఈ పెద్దమనిషి యాపిల్ పండ్లు మోసుకొచ్చాడు. ఒకదాని మీద పంటిగాట్లు కూడా ఉన్నాయి, ఏ ఊళ్లోనో ఏ పిల్లో నిజమనుకుని కొరికినట్టుంది.

ఆయన ఏ బడిలోనూ పట్టుమని రెండేళ్లు పాఠం చెప్పిన పాపాన పోలేదు. టీచర్లకు పాఠాలు చెప్పడానికి మాత్రం తీరిక లేని మనిషి. ఆయన ఫారంలో మూడు గడులున్నాయి: లెక్క, గడియారం, కొలత. మూడింట్లోనూ ‘రాదు’ అని పడితే పిల్ల పేరు బడిలో తీసేసి ఇంటి జాబితాలో వేస్తారు. ఇంటికి వారానికోసారి టీచరొస్తారట. వచ్చినప్పుడు చూడాలి!

ఆ రోజు సబీనా వంతు. పద్నాలుగేళ్ల పొట్టి పిల్ల, పూలమ్మే నబీసా కూతురు.

“నాలుగు రెళ్లెంత పాపా?”

సబీనా పంటిగాట్ల యాపిల్ వంకే చూస్తూ నిలబడింది. ‘రాదు’ అని రాసుకున్నాడు.

“గోడ గడియారంలో ఎంతయింది?”

“అది నిలిచిపోయిండాది సార్.”

నిజమే, అది ఆగి ఏడాదయింది. ఆయన తలెత్తి చూస్తే కదా! మళ్లీ ‘రాదు’ అని రాశాడు.

మిగిలింది కొలత. “స్కేలొద్దు సార్, మూర కొలవమనండి. ఆ పిల్లకు తెలిసిన పని” అని నాగలత బతిమాలింది. ఆయన దయతలచి పురికొస ముక్క విసిరాడు. సబీనా దాన్ని మోచేతి నుంచి వేలికొస దాకా సాగదీసి, ఆపైన ఇంకో నాలుగు వేళ్లు కలిపి ముడి వేసింది.

ఆయన పకపకా నవ్వాడు. “మూరంటే మోచేతి నుంచి వేలికొస దాకా, అంతే! ఇది కూడా తెలీదా?”

మూడో గడి కూడా నిండింది. ఆ క్షణాన నాగలతకు పిల్ల మీద కూడా కోపమొచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర నబీసా పూలగంప కూతురికి అప్పగించి నీళ్లకు పోయింది. ఇంటికి బయలుదేరిన సార్ కనకాంబరాలు చూసి ఆగాడు. “రెండు మూరలియ్యి.” సబీనా కొలిచి తుంచి ఇచ్చింది. ఆయన తన చేతికి ఆనించుకుని చూసి అరిచాడు.

“రెండు మూరలు యాడుండాది? మోసం చేస్తాండావా?”

“మీరు చెప్పిన మూరే సార్. మోచేతి నుంచి వేలికొస దాకా, అంతే.” సబీనా చెయ్యి చాపి చూపించింది. “నా చెయ్యి పొట్టిది. మూరకు నాలుగు వేళ్లు కలిపి ఇయ్యమంటాది మా అమ్మీ. మీరే తప్పంటిరి కద?”

వెనకే వచ్చిన నాగలత సిగ్గుతో చచ్చిపోయింది. ఆ నాలుగు వేళ్లెందుకని తానైనా అడిగిందా? సారుకీ తనకూ ఏం తేడా? ఆ సిగ్గు దిగమింగుకుని అడిగింది.

“అయితే సారుకు ఎంత తక్కువొచ్చింది సబీనా?”

“రెండు మూరలకు ఎనిమిది వేళ్లు మేడమ్” అంది, తడుముకోకుండా.

“నాలుగు రెళ్లు. మీరడిగిన లెక్కే సార్. ఫారం తీయండి.”

“ఫారంలో కొట్టివేతలు ఉండకూడదు మేడమ్.”

“అయితే కొత్తది తీయండి.”

నలుగురూ చూస్తున్నారు. ఆయన తల వంచుకుని సంచిలో కొత్త ఫారం వెతుక్కోసాగాడు. ఈలోగా సబీనా ఎనిమిది వేళ్ల పూలు కొలిచి, తుంచి, ఆయన ముందు చాపింది.

“ఇదో సార్, మీకు తక్కువైండేది.”